మనిషి తర్వాతి జాతి గురించిన ఆ ఫాంటసీ నవల: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ నవల గురించి నన్ను అడిగేవారు మారుతున్నారు, అడిగే సందేహాలు మాత్రం మారడం లేదు. ఒకే జవాబు పదిమందికి విడివిడిగా చెప్పాక, అన్నీ ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. నవల పేరు కావాలనే రాయలేదు. నేను చూపబోయే లోపాలు ఈ తరహా నవలల్లో చాలావాటికి ఉన్నవే. పేరు చెబితే చర్చంతా ఆ ఒక్క రచయిత చుట్టూ తిరుగుతుంది. పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది నా నిరాశలో న్యాయం ఉందో లేదో తేల్చుకోవడానికే. నవలలో కొత్త జాతికి ఉన్న పేరుకు బదులు ఇక్కడ ‘ఉత్తర మానవులు’, అంటే మనిషి తర్వాత వచ్చినవాళ్లు, అంటాను. ముగింపు ముందే తెలియకూడదనుకునేవారు ‘ముగించాక’ అన్న భాగాన్ని వదిలేయవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కథ బయటపెట్టకుండా, ఈ నవల దేని గురించో చెప్పగలరా?

మనకు తెలిసిన నాగరికత కూలిపోయి 600 ఏళ్లు గడిచాయి. మనిషి నుంచే పుట్టుకొచ్చిన కొత్త జాతి లోకాన్ని ఏలుతోంది. వాళ్ల కంటికి రెండో రెప్ప ఉంది, చీకట్లో చూపు ఆనుతుంది, ఎదుటివారి ఆలోచనలు వినిపిస్తాయి. మిగిలిన కొద్దిమంది పాత మనుషులు కొండల్లో తలదాచుకుంటూ వాళ్లకు కప్పం కడుతుంటారు. అలాంటి ఒక ఇంటి గుమ్మంలో ఎవరో కొత్త జాతి పసికందును వదిలి వెళతారు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలామె బిడ్డను లోపలికి తీసుకెళుతుంది. ఇంత మంచి ఆరంభం ఉన్న ఫాంటసీ చదివి నాకు చాలా కాలమైంది. నా బాధంతా అందుకే.

అందరూ బాగుందంటున్నారు, మీరు నిరాశపరిచిందంటున్నారు. ఇంతకీ చదవాలా, వద్దా?

కొత్త లోకంలో తిరిగి రావడం కోసం ఫాంటసీ చదివేవారైతే చదవండి. వర్ణన బాగుంది, యుద్ధఘట్టాలు పట్టుగా ఉన్నాయి. మనిషి తర్వాత వచ్చే ప్రాణి లోపలి నుంచి ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న ఆశతో తెరిస్తే మాత్రం మూడో వంతు దాటాక ఆ ఆశ వదులుకోవాల్సి వస్తుంది. నేను ఆ ఆశతోనే తెరిచాను.

పరిణామ సిద్ధాంతం తెలియకపోయినా అర్థమవుతుందా?

అవుతుంది. పాఠశాలలో చదువుకున్నంత తెలిస్తే చాలు, అది మరచిపోయినా ఇబ్బంది లేదు. పరిణామం అన్న మాట పుస్తకంలో తరచుగా వినిపిస్తుంది కానీ, రచయిత దాని లోతుకు దిగలేదు.

ఇది ఫాంటసీయా, సైన్స్ ఫిక్షనా?

ఫాంటసీయే. మంత్రం ఉంది, శపించిన ఖడ్గం ఉంది, అన్నిటికీ మించి ఒక జోస్యం ఉంది. కొత్త జాతి పుట్టుకకు మాత్రం పరిణామమే కారణమని నవల చెబుతుంది. రెండింటినీ కలపడం తప్పేమీ కాదు, ఎలా కలిపారన్నదే చూడాలి. జోస్యానికి ముందే రాసిపెట్టిన గమ్యం ఉంటుంది. 1859లో డార్విన్ లోకం ముందుంచిన సహజ ఎంపికకు గమ్యమంటూ లేదు. ఆ చోట, ఆ కాలానికి నెగ్గుకొచ్చినదే మిగులుతుంది, పరిస్థితి మారితే అదీ పోతుంది. తమ రాకను ఎవరో ముందే చెప్పారని నమ్మే జాతి, తమను ఎవరూ ఉద్దేశించలేదని ఒకరోజు తెలుసుకుంటే ఏమవుతుంది? ఈ రెండు ఆలోచనలను పక్కపక్కన పెట్టిన నవలలో రావలసిన ప్రశ్న అదే. మొత్తం పుస్తకంలో ఏ పాత్రకూ అది తోచలేదు.

## చదువుతుండగా

మొదటి వంద పేజీలు కింద పెట్టనివ్వలేదు. తర్వాత ఎందుకు నీరసపడింది?

మొదటి వంద పేజీలు ఒక ఇంటి కథ. పాపకు ఇంకా మాటలు రాలేదు కానీ ముసలామె మనసులోని భయం వినిపిస్తుంది, విన్నప్పుడల్లా ఏడుస్తుంది. ఏడుపు బయటికి వినబడితే ఇద్దరికీ ప్రమాదం. బిడ్డను ఊరుకోబెట్టాలంటే ముసలామె తన భయాన్నే ఊరుకోబెట్టాలి. అందుకని మనసులో ఎక్కాలు చదువుకుంటుంది, తన తల్లి పాడిన జోలపాటను పెదవి కదపకుండా పాడుకుంటుంది. కొన్నాళ్లకు ఆ భయం నిజంగానే తగ్గుతుంది. పెంచుతున్నది ఎవరు, పెరుగుతున్నది ఎవరు అన్న అనుమానం వస్తుంది మనకు. ఆ పేజీల దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

తర్వాతి అధ్యాయంలో పాపకు పదిహేడేళ్లు. రాజభటులు వచ్చి కోటకు తీసుకుపోతారు. అక్కడి నుంచి పుస్తకం సింహాసనం కోసం జరిగే పోరు. మనకు దక్కకుండా పోయిన ఆ మధ్య సంవత్సరాల్లోనే అసలు నవల ఉంది. తన ఆలోచన ప్రతిదీ వినగలిగే కూతురిని ఒక తల్లి ఎలా పెంచింది? ఎప్పుడు మందలించింది? కూతురు ఆడుకుంటున్నప్పుడు, ‘ఇది నా జాతిని తుడిచిపెట్టబోయే జాతి’ అని ఒక్క క్షణం తోస్తే, ఆ క్షణాన్ని ఇద్దరూ ఎలా దాటారు?

600 ఏళ్లలో కొత్త మానవజాతి పుట్టడం సాధ్యమేనా?

తరానికి 25 ఏళ్లు వేసుకుంటే 600 ఏళ్లు అంటే 24 తరాలు. మన హోమో సేపియన్స్ జాతికి చెందినవిగా గుర్తించిన అతి పాత శిలాజాలు మొరాకోలోని జెబెల్ ఇర్హౌద్‌లో దొరికాయి. వాటి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. ఈ మధ్యకాలంలోనూ మనిషి మారుతూనే వచ్చాడు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తి కొన్ని జనసమూహాల్లో గత 10,000 ఏళ్లలోనే వ్యాపించింది. కానీ అది కొత్త జాతి కాదు, అదే జాతిలో చిన్న మార్పు. కొత్త కనురెప్ప, కొత్త ఇంద్రియం తమంతట తాముగా 24 తరాల్లో రావు.

ఎవరో పనిగట్టుకొని ఎంపిక చేస్తే మాత్రం లెక్క మారుతుంది. సోవియట్ శాస్త్రవేత్త బెల్యాయెవ్ 1959లో సైబీరియాలో మొదలుపెట్టిన ప్రయోగంలో, మనుషులంటే బెదరని నక్కలను మాత్రమే తరతరానా జతకట్టించారు. కొన్ని తరాల్లోనే మనిషి చెయ్యి కోసం తోకాడించే నక్కలు పుట్టాయి. ఇప్పుడు ఆ 24 తరాలను మళ్లీ చూడండి. కాలం చాలకపోవడం ఇక్కడ లోపం కానే కాదు, దారుణమైన ఒక కథకు అది ఆధారం. ఉత్తర మానవులను ఎవరో ఏరి, కూర్చి, పెంచారన్నమాట. ఎవరు ఏరారు? ఏరగా మిగిలినవాళ్లను ఏం చేశారు? పాలకుల వంశచరిత్ర మొదటి పేజీలో అలాంటి రహస్యం ఉంటే కోటలో నడిచే పోరుకు బరువు వచ్చేది. రచయిత తన చేతిలో ఏముందో చూసుకోలేదు.

ఒకరి ఆలోచనలు ఒకరికి వినిపించేవాళ్ల మధ్య కుట్రలు ఎలా సాగుతాయి?

సాగవు. ఈ ప్రశ్నకు నవలలో ఉన్న జవాబు ఒక్కటే: కొందరికి మనసును ‘మూసుకునే’ విద్య తెలుసు. మొదట ఆ విద్య ఒక్క గూఢచారికే తెలుసు. రెండో సగానికి వచ్చేసరికి అవసరమైన ప్రతివారికీ వచ్చేస్తుంది. అందరూ మనసు మూసుకోగలిగితే ఇక వాళ్లు మనలాంటివాళ్లే, కంటికి ఇంకో రెప్ప ఎక్కువ, అంతే.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ చోటే. ఆలోచన దాచుకోలేని సమాజంలో ప్రమాణం చేయించడం ఎందుకు? సాక్ష్యం ఎందుకు? అబద్ధానికి అసలు మాట ఉంటుందా? అక్కడ మర్యాద అంటే బహుశా వినిపించినదాన్ని విననట్టు ఉండటం. ప్రేమలో తొలి రోజులు ఎలా ఉంటాయి, చెప్పాలా వద్దా అన్న తడబాటే లేకపోతే? పక్కింట్లో ఒకరు చనిపోతే వీధంతా నిద్రపోగలదా? జనం దట్టంగా ఉన్న నగరమే వాళ్లు కట్టుకోరేమో, ఇళ్లు దూరదూరంగా ఉండేవేమో. నవలలో మాత్రం కిక్కిరిసిన రాజధాని ఉంది, కొలువు ఉంది, చెవిలో గుసగుసలు కూడా ఉన్నాయి. ఒక పాత్ర మరో పాత్ర చెవిలో రహస్యం చెబుతుంది! సంపాదకుల్లో ఒక్కరైనా ఆ వాక్యం దగ్గర ఆగి ఉండాల్సింది.

ఉత్తర మానవులు మనకంటే ‘పై మెట్టు’ మీద ఉన్నారని నవల పదేపదే అంటుంది. పరిణామం అంటే అదేనా?

కాదు. పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు చీలుతూ పోయే చెట్టు. చీకటి గుహల్లో తరతరాలుగా బతికిన చేపలు కళ్లు పోగొట్టుకున్నాయి. అవి దిగజారలేదు, అక్కడ కళ్లతో పనిలేదు, అంతే. మనకు దగ్గరి బంధువులైన మరో మానవజాతి, నియాండర్తల్ మనుషుల మెదడు పరిమాణం మనదానికి ఏమాత్రం తీసిపోదు. అయినా వాళ్లు సుమారు 40,000 ఏళ్ల కిందట కనుమరుగయ్యారు.

అలాగే, వచ్చిన ప్రతి లాభానికీ ఎక్కడో మూల్యం ఉంటుంది. సికిల్ సెల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది, ఇద్దరి నుంచీ వస్తే తీవ్రమైన రోగం తెస్తుంది. మన మెదడు శరీరం బరువులో 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతాన్ని తీసుకుంటుంది. మరి చుట్టూ ఉన్నవారి ఆలోచనలన్నీ వినే మెదడుకు ఎంత ఆకలి ఉండాలి? ఆ తలతో బిడ్డ పుట్టడం తల్లికి ఎంత కష్టం? నవలలో ఉత్తర మానవులు తక్కువ తింటారు, తక్కువ నిద్రపోతారు, కాన్పులు సులువు, జబ్బులు లేవు. ఏమీ పోగొట్టుకోకుండా అన్నీ దక్కించుకున్న జాతిపై జాలి, ప్రేమ, భయం ఏవీ కలగవు. పాఠకుడికి పట్టు దొరికేది ఎదుటివారు పోగొట్టుకున్నదాని దగ్గరే.

కల్పన కదా, శాస్త్రం లెక్కలన్నీ ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. ఎగిరే కొండ ఉందంటే నేను నమ్ముతాను, అది ఎందుకు ఎగురుతోందని అడగను. ఆ కొండ మీద నివసించేవారికి వాన కింది నుంచి కనిపిస్తుందా అని మాత్రం అడుగుతాను. రచయిత ఒక అద్భుతాన్ని ప్రవేశపెట్టినప్పుడు దాని పర్యవసానాలను చివరిదాకా పట్టుకుని నడవాలి. నేను శాస్త్రాన్ని ముందుకు తెస్తున్నది తప్పులు పట్టడానికి కాదు. నిజమైన జీవుల కథలో ఇంత వింత ఉండగా, కల్పన అంతకంటే పేదగా ఉండకూడదన్నదే నా పట్టుదల.

వంశాల పేర్లు గుర్తుండటం లేదు. ఏం చేయాలి?

వదిలేయండి. ముందు పేజీల్లో ఇచ్చిన వంశవృక్షంలో నాలుగు పేర్లు గుర్తుంటే కథ నడుస్తుంది: రాజు, అతని చెల్లెలు, సేనాని, జోస్యం చెప్పే అంధుడు.

## ముగించాక

కథానాయికలో రెండు జాతుల రక్తం ఉందని చివర్లో తెలుస్తుంది. ఆ మలుపు ఎందుకు పేలవంగా అనిపించింది?

లోకంలో అలాంటిది ఆమె ఒక్కతే అని నవల చెబుతుంది కాబట్టి. రెండు మానవజాతులు పక్కపక్కన బతికిన చోట నిజంగా ఏం జరిగిందో ఇప్పుడు మనకు కొంత తెలుసు. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఒక చిన్న ఎముక ముక్కలోని జన్యువులను చదివి 2018లో ఫలితం ప్రకటించారు. అది పదమూడేళ్లయినా నిండిన అమ్మాయిది, సుమారు 90,000 ఏళ్ల కిందటిది. తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్, అంటే ఆ గుహ పేరుతోనే పిలిచే మరో పాత మానవజాతివాడు. ఆఫ్రికా బయట స్థిరపడిన జనసమూహాల వారసుల్లో నేటికీ రెండు శాతం దాకా నియాండర్తల్ జన్యుసంపద ఉంది. ఎత్తైన టిబెట్ పీఠభూమిలో తక్కువ ప్రాణవాయువుతో నెగ్గుకు రావడానికి అక్కడివారికి తోడ్పడే జన్యువు డెనిసోవన్ల నుంచి వచ్చినది.

అంటే కలయిక అపురూపమేమీ కాదు, ఒక అలవాటు. 600 ఏళ్లు పక్కపక్కన బతికిన రెండు జాతుల నడుమ సరిహద్దు ఊళ్ల నిండా అలాంటి పిల్లలు ఉండాలి. వాళ్లకో పేరు, దాని వెనుక ఒక అవమానం, వాళ్ల పెళ్లిళ్లకు వేరే నియమాలు ఉండాలి. కథానాయిక అలాంటి వేలమందిలో ఒకతె అయి ఉంటే, కిరీటం ఆమెకు దక్కడంలో అర్థం ఉండేది. ‘ఒక్కతే’ అనడంతో ఆమె మళ్లీ జోస్యం చేతి బొమ్మ అయిపోయింది.

బలహీనంగా పుట్టిన పిల్లలను మంచుకొండ మీద వదిలేసే ఘట్టాన్ని రచయిత సమర్థిస్తున్నారా?

సమర్థిస్తున్నారని నేను అనుకోను. కానీ ఖండించే గొంతు కూడా పుస్తకంలో లేదు. బలవంతుడే మిగలాలన్నది ప్రకృతి ధర్మమని సేనాని అంటాడు, ఎవరూ బదులివ్వరు. దీనికి బదులు చాలా పాతది, ఇరాక్‌లోని షనిదార్ గుహలో దొరికింది. అక్కడ బయటపడిన ఒక నియాండర్తల్ పురుషుడి అస్థిపంజరం చూస్తే, అతని కుడి చెయ్యి చచ్చుబడింది, ముఖానికి తగిలిన దెబ్బతో ఒక కంటి చూపు పోయి ఉండవచ్చు, కాలు కూడా సరిగా లేదు. ఆ గాయాలు మానాయి, వాటితోనే అతను చాలా ఏళ్లు బతికాడు. తోటివారి ఆసరా లేకుండా అది జరిగి ఉండదని పరిశోధకులు భావిస్తున్నారు. చేయూతనివ్వడం కూడా మన పూర్వీకులు నెగ్గుకొచ్చిన దారుల్లో ఒకటి. పైగా, పసిబిడ్డ బాధ తమకే వినిపించే జాతి ఆ బిడ్డను మంచులో ఎలా వదలగలదు? కొండ దిగుతున్నంతసేపూ ఆ ఏడుపు వాళ్ల తలల్లోనే మోగుతుంది కదా. నవల తానే పెట్టుకున్న నియమాన్ని అన్నిటికంటే ఘోరంగా మరచిపోయిన చోటు ఇది.

ముగింపు ఎందుకు తేలిపోయింది?

కథానాయిక పట్టాభిషేకం, పాత మనుషులకు విముక్తి శాసనం, ఆకాశంలో నిప్పుల వాన. వీటి నడుమ ముసలామె మరణవార్తను ఒక వార్తాహరుడు ఒకే వాక్యంలో చెప్పి వెళ్లిపోతాడు. రాణి తల వంచుకుంటుంది. తర్వాతి పేరాలో ఊరేగింపు మొదలవుతుంది.

నాకైతే ఆ వాక్యమే నవలకు చివరి అధ్యాయం కావలసింది. ఆ ముసలామె పుస్తకంలో మిగిలిన చివరి పాత మనుషుల్లో ఒకరు. ఆమెను అమ్మా అని పిలిచినది తర్వాతి జాతి. మనిషి తర్వాత వచ్చేవారు మొదట మనిషి ఒడిలో పెరుగుతారు, తర్వాతే మనిషి స్థానం తీసుకుంటారు. కూతురు ఆ మంచం పక్కన ఉండి ఉంటే, తల్లి ఆలోచనలు ఒక్కొక్కటే తెగిపోవడం ఆమెకు వినిపించేది. చివరికి ఎక్కాలు, వాటి వెనుక ఆ జోలపాట, ఆ తర్వాత ఏమీ వినిపించని ఇల్లు. పుట్టినప్పటి నుంచి వింటున్న ఒక శబ్దం మొదటిసారి ఆగిపోవడం. రచయిత ఆ పాటను మొదటి అధ్యాయంలో అంత శ్రద్ధగా నాటి, కోయకుండానే పొలం వదిలి వెళ్లిపోయారు.

నాకు చాలా నచ్చింది. నేను సరిగా చదవలేదంటారా?

అలా అనను. యుద్ధం, వంశగౌరవం, పట్టాభిషేకం ఇష్టపడి చదివితే ఈ పుస్తకం మాట నిలబెట్టుకుంటుంది. నేను దీన్ని అడిగింది వేరు.

రెండో భాగం వస్తే చదువుతారా?

చదువుతాను. ఆ మొదటి వంద పేజీలు రాసిన చెయ్యి మీద నాకు ఇంకా నమ్మకం ఉంది.

## ఇంకా చదవాలన్నా, రాయాలన్నా

ఇదే విషయం మీద నిరాశపరచని పుస్తకాలు ఏవి?

నేను మూడింటి పేర్లు చెబుతాను. హెచ్.జి. వెల్స్ ‘ద టైమ్ మెషీన్’ 1895లో వచ్చింది. క్రీస్తుశకం 802701లో మనిషి రెండు జాతులుగా చీలిపోయి ఉంటాడు: పైన సుకుమారమైన ఎలోయ్‌లు, నేల కింద మోర్లాక్‌లు. రెండూ మనకంటే గొప్పవి కావు, రెండూ చాలా పోగొట్టుకున్నవే. ఓలాఫ్ స్టేపుల్డన్ 1930లో రాసిన ‘లాస్ట్ అండ్ ఫస్ట్ మెన్’ 200 కోట్ల ఏళ్ల పొడవునా 18 మానవజాతులను చూపుతుంది. అందులో వ్యక్తుల కథ దాదాపు ఉండదు కాబట్టి ఓపిక కావాలి, కానీ ఒక్కో జాతి ఎదుగుదలకూ పతనానికీ కారణం చూపే తీరు విస్మయపరుస్తుంది. ఆర్థర్ సి. క్లార్క్ ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ 1953 నాటిది. తమ పిల్లలు మనుషులు కానిదేదో అవుతుంటే తల్లిదండ్రులు చూస్తూ నిలబడాల్సిన స్థితి అందులో ఉంది. ఒక్కటే చదవగలిగితే దానితో మొదలుపెట్టండి.

నేనూ ఇలాంటి నవల రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

శక్తులతో మొదలుపెట్టకండి. మీ కొత్త జాతికి ఏది చేతకాదో ముందు రాసుకోండి. మనం ఆలోచించకుండా చేసే పని ఏదో ఒకటి వాళ్లకు అసాధ్యం కావాలి: ఒంటరిగా ఉండటం, మరచిపోవడం, కలగనడం, ఏదైనా సరే. తర్వాత దాన్ని పట్టుకుని వాళ్ల ఒక మామూలు రోజు రాయండి. ఉదయం లేవగానే ఏం చేస్తారు, ఎవరితో కలిసి తింటారు, పిల్లవాడు తప్పు చేస్తే ఎలా దండిస్తారు, ఎవరైనా పోతే ఎన్నాళ్లు బాధపడతారు. రాజు, యుద్ధం, జోస్యం ఆ రోజులో అడుగుపెట్టకూడదు. రాసినదాన్ని పక్కనపెట్టి వారం తర్వాత చదవండి. అందులో ఎక్కడైనా ‘మనిషి’ అన్న మాట పెట్టినా వాక్యం అలాగే నిలబడుతుంటే, ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయండి.

ఆ పని అయ్యాక, వాళ్లలో ఒక బిడ్డను మన ఇళ్లలాంటి ఇంట్లో, మనలాంటి ఒకరి చేతుల్లో పెట్టండి. పదిహేడేళ్లు దాటవేయకండి.